స్పెల్స్ మార్చుకునే ఐచ్ఛిక నియమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక పాత్ర వేస్తూ, బల్ల చుట్టూ కూర్చుని కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్ ఆడే తెలుగువాళ్ల కోసం రాసిన పేజీ ఇది. సార్సరర్, బార్డ్, వార్లాక్, రేంజర్ పాత్రలు తమకు వచ్చిన స్పెల్‌ని, అంటే మంత్రాన్ని, ఎప్పుడు వదిలేసి ఇంకొకటి తీసుకోవచ్చు అన్న వాదన టేబుల్ దగ్గర మొదలైతే ఒక పట్టాన తెగదు. ఇందులో నా పక్షం ముందే చెప్పేస్తాను. 2014 నియమం మరీ బిగుతు, 2019లో ప్రయోగంగా వచ్చిన నియమం మరీ వదులు. ఏ స్పెల్ ఎంత బలమైనదో కొలిచేముందు, ఒక ఆటగాడు తనకు నచ్చని ఎంపికతో ఎన్ని నెలలు కూర్చోవాల్సి వస్తుందో చూడాలి. కింద రాసినదంతా ఆ కోణంలోనే ఉంటుంది.

అసలు ఈ సమస్య ఎవరికి?

2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో, అంటే ఐదో ఎడిషన్ మూల పుస్తకంలో, స్పెల్స్ వేసే క్లాసులు (పాత్రల వృత్తులు) రెండు రకాలు. క్లెరిక్, డ్రూయిడ్, పాలడిన్, విజార్డ్ ఒక లాంగ్ రెస్ట్ (ఎనిమిది గంటల విశ్రాంతి) పూర్తయ్యాక ఆ రోజుకు కావలసినవి సిద్ధం చేసుకుంటారు. నిన్నటి జాబితా మొత్తం తీసేసి కొత్తది పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. బార్డ్, సార్సరర్, వార్లాక్, రేంజర్‌ల సంగతి వేరు. వాళ్లకు వచ్చినవి కొన్నే, రోజూ ఆ కొన్నింటితోనే నెట్టుకురావాలి. ఫైటర్‌లో ఎల్డ్రిచ్ నైట్, రోగ్‌లో ఆర్కేన్ ట్రిక్‌స్టర్ కూడా ఈ రెండో వరసలోనివే. లెవెల్ పెరిగినప్పుడు ఒక పాత స్పెల్ ఇచ్చి ఒక కొత్తది తీసుకోవచ్చు. క్యాంట్రిప్‌లకు (ఎన్నిసార్లైనా వేయగల చిన్న స్పెల్స్‌కు) 2014లో ఆ వెసులుబాటు కూడా లేదు. మొదటి లెవెల్‌లో ఎంచుకున్నది ఇరవయ్యో లెవెల్ దాకా మీతోనే వస్తుంది.

తేడా నిజంగా అంత ఉందా?

స్పెల్ లెవెల్ వేరు, పాత్ర లెవెల్ వేరు. సార్సరర్ లాంటివాళ్లకు మూడో లెవెల్ స్పెల్స్ చేతికొచ్చేది పాత్ర ఐదో లెవెల్‌లో కాబట్టి అక్కడ లెక్క చూద్దాం. 2014 ప్రకారం ఐదో లెవెల్ సార్సరర్‌కు 6 స్పెల్స్, వార్లాక్‌కూ 6, బార్డ్‌కు 8, రేంజర్‌కు 4. అదే లెవెల్ విజార్డ్ పుస్తకంలో, దారిలో ఒక్క స్క్రోల్ (స్పెల్ రాసిన చుట్ట) దొరక్కపోయినా 14 ఉంటాయి. మొదటి లెవెల్‌లో 6, ఆ తర్వాత లెవెల్‌కు రెండు చొప్పున. ఇంటెలిజెన్స్ 18 అయితే వాటిలో 9 సిద్ధం చేసుకోవచ్చు, రిచువల్ స్పెల్స్‌ని (నిదానంగా, రోజువారీ కోటా ఖర్చు లేకుండా వేయగలిగేవాటిని) సిద్ధం చేయకుండానే పుస్తకం చూసి వేయొచ్చు. ఇరవయ్యో లెవెల్‌కు వచ్చేసరికి సార్సరర్ 15 దగ్గర ఆగిపోతాడు, విజార్డ్ పుస్తకంలో కనీసం 44 చేరతాయి.

సార్సరర్‌కు మెటామ్యాజిక్ (స్పెల్ పనిచేసే తీరును మార్చే శక్తి) ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఉన్న ఆరింటిలో రెండు పనికిరానివైతే మెటామ్యాజిక్ దేనిమీద వాడాలి?

లెవెల్ పెరిగినప్పుడు ఒకటి మార్చుకోవచ్చుగా, అది చాలదా?

చాలదు. దీనికి రెండు కారణాలున్నాయి. రెండోదాన్ని చాలామంది గమనించరు.

మొదటిది క్యాలెండర్. రెండు వారాలకోసారి కలిసే గుంపు, ఐదారు సెషన్లకు ఒక లెవెల్ దాటుతుంది అనుకోండి. అంటే దాదాపు మూడు నెలలు. సంక్రాంతికి తీసుకున్న స్పెల్ పనికిరాదని రెండో సెషన్‌కే తెలిసినా, దాన్ని ఉగాది దాటేదాకా మోయాలి. ఇద్దరు హైదరాబాద్‌లో, ఇద్దరు డల్లాస్‌లో ఉండి వీడియో కాల్‌లో ఆడే గుంపు అయితే నెలకోసారి కుదరడమే గొప్ప. వాళ్లకు ఒక లెవెల్ అంటే అర్ధ సంవత్సరం. నియమం ఆటలోని కాలం చూసి రాశారు, దాని బరువు మాత్రం మన కాలం మీద పడుతోంది.

రెండోది, లెవెల్ పెరిగినప్పుడు వచ్చే ఆ ఒక్క మార్పిడికి వేరే పని ఉంది. 2014లో ఆ మార్పిడికి పాత స్పెల్, కొత్త స్పెల్ ఒకే లెవెల్‌వి కావాలన్న షరతు లేదు. మీకు స్లాట్ (విశ్రాంతి దాకా స్పెల్స్ వేయడానికి ఇన్నిసార్లే అని ఉండే కోటా) ఉన్న ఏ లెవెల్ స్పెల్ అయినా తీసుకోవచ్చు. అందుకే అందరూ దాన్ని పాతబడిన చిన్న స్పెల్‌ని వదిలి పెద్దది తెచ్చుకోవడానికి వాడతారు. స్లీప్ చూడండి. 2014లో అది 5డి8, అంటే ఎనిమిది ముఖాల పాచికలు ఐదు వేసి, వచ్చినన్ని హిట్ పాయింట్ల (ప్రాణబలం) మేరకు నిద్రపుచ్చుతుంది. సగటు 22కు పైనే. గోబ్లిన్‌కు 7 హిట్ పాయింట్లు, అంటే మొదటి లెవెల్‌లో ముగ్గురు గోబ్లిన్లు ఒక్క దెబ్బకు నేలమీద. ఐదో లెవెల్‌లో ఎదురొచ్చే ఓగర్‌కు 59. మూడో లెవెల్ స్లాట్ ఖర్చుపెట్టినా స్లీప్ సగటు 40 దాటి కొంచెం, అంతే. దాన్ని ఎప్పుడో ఒకప్పుడు వదలక తప్పదు, ఆ లెవెల్ మార్పిడి దానికే అయిపోతుంది. తప్పుగా ఎంచుకున్న ఇంకో స్పెల్‌ని సరిచేసుకోవడానికి ఇక ఏమీ మిగలదు.

పాత ఎడిషన్లలో ఎలా ఉండేది?

1974లో ఆట మొదలైనప్పుడు ఈ ప్రశ్న లేదు. మ్యాజిక్ యూజర్ పుస్తకం చూసి రోజూ కంఠస్థం చేసేవాడు, వేయగానే మరచిపోయేవాడు. కంఠస్థం అక్కర్లేని సార్సరర్ క్లాస్ 2000లో మూడో ఎడిషన్‌తో వచ్చింది. కొన్నే వస్తాయి, కానీ వాటిని స్లాట్లు ఉన్నంతసేపు ఇష్టం వచ్చినట్టు వేయొచ్చు అన్నది దాని ఒప్పందం. అప్పట్లో ఎంచుకున్న స్పెల్‌కు మార్పు లేదు. 2003లో 3.5 సవరణ కొంచెం తలుపు తెరిచింది. నాలుగో లెవెల్‌లో, ఆ తర్వాత ప్రతి సరి లెవెల్‌లో సార్సరర్ ఒకటి మార్చుకోవచ్చు, కానీ కొత్తది పాతదాని లెవెల్‌దే అయి ఉండాలి, తను వేయగల అత్యున్నత స్పెల్ కన్నా కనీసం రెండు లెవెల్స్ తక్కువదై ఉండాలి. 2008లో నాలుగో ఎడిషన్ అన్ని క్లాసులకూ రీట్రెయినింగ్ (పాత ఎంపికను మార్చుకోవడం) ఇచ్చింది. లెవెల్‌కు ఒక ఫీట్ (పాత్ర ఎంచుకునే అదనపు సామర్థ్యం), ఒక పవర్ లేదా ఒక స్కిల్.

ఎడిషన్ తర్వాత ఎడిషన్ చూస్తే ముడి సడలుతూనే వస్తోంది. "మార్పిడి సార్సరర్ స్వభావానికే విరుద్ధం" అనేవాళ్లు ఈ వరసను ఒకసారి చూడాలి. ఇరవై ఏళ్లకు పైగా డిజైనర్లు ఆ బిగువును తగ్గిస్తూనే ఉన్నారు.

స్పెల్ వర్సటిలిటీ అని అందరూ అనేది దేన్ని?

2019 నవంబర్‌లో ఈ ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ తన అన్‌అర్త్డ్ ఆర్కానా వరసలో క్లాస్ ఫీచర్ వేరియంట్స్ అనే ప్రయోగ పత్రం విడుదల చేసింది. బార్డ్, రేంజర్, సార్సరర్, వార్లాక్‌లకు అందులో ఒక కొత్త ఐచ్ఛిక ఫీచర్ ఉంది. లాంగ్ రెస్ట్ పూర్తయిన ప్రతిసారీ, వచ్చిన స్పెల్స్‌లో ఒకదాన్ని తమ క్లాస్ జాబితాలోని అదే లెవెల్ స్పెల్‌తో మార్చుకోవచ్చు. ఆ ఫీచర్ పేరే స్పెల్ వర్సటిలిటీ. ఖర్చు లేదు, వెతుకులాట లేదు, ఎనిమిది గంటల విశ్రాంతి చాలు.

మరుసటి ఏడాది నవంబర్‌లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే అదనపు నియమాల పుస్తకంలో ఆ పత్రంలోని చాలా ఫీచర్లు చేరాయి. స్పెల్ వర్సటిలిటీ చేరలేదు. కాబట్టి ఇప్పుడు దాన్ని వాడే టేబుల్ ఏదైనా హౌస్ రూల్‌గానే, అంటే తన సొంత నియమంగానే వాడుతోంది. "పుస్తకంలో ఉంది" అని ఎవరైనా అంటే, పేజీ చూపించమని అడగండి.

విజార్డ్ ఆడేవాళ్లకు ఎందుకంత కోపం?

వాళ్ల మాట తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. సార్సరర్ జాబితాలో ఉన్నవి చాలావరకు విజార్డ్ జాబితాలోనూ ఉంటాయి. విజార్డ్ చేతిలో ఉన్న ఒకే పెద్ద ఆస్తి వెడల్పు. రకరకాల స్పెల్స్ పుస్తకంలో ఉంటాయి, రేపటి పనికి తగ్గది ఈ రోజు సిద్ధం చేసుకోవచ్చు. ఆ వెడల్పుకు అతను మూల్యం కడతాడు. దొరికిన స్పెల్‌ని పుస్తకంలోకి ఎక్కించాలంటే స్పెల్ లెవెల్‌కు రెండు గంటలు, 50 బంగారు నాణేలు. మూడో లెవెల్ స్పెల్ అంటే 6 గంటలు, 150 నాణేలు. అదీ ఎవరి దగ్గరో, ఏ సమాధిలోనో ఆ స్పెల్ దొరికితేనే. పుస్తకం నీళ్లలో పడినా, మంటల్లో కాలినా అతని బతుకు కష్టమే.

ఇప్పుడు పక్కన కూర్చున్న సార్సరర్ ఒక్క రాత్రి పడుకుని లేచి, పైసా ఖర్చు లేకుండా తన జాబితాలోని ఏ స్పెల్ అయినా తెచ్చుకుంటాడు. పైగా దాన్ని మెటామ్యాజిక్‌తో రెట్టింపు చేస్తాడు, దూరం పెంచుతాడు, నోరు మెదపకుండా వేస్తాడు. వచ్చినవి ఎప్పుడూ ఆరే అన్నది కాగితం మీది మాట. ఒక రోజు గడువు ఇస్తే అతనికి మొత్తం జాబితా వచ్చినట్టే. విజార్డ్ ఆడేవాళ్లకు కడుపు మండేది ఇక్కడే, నాకైతే అందులో న్యాయం కనిపిస్తుంది.

మరి ఆ అభ్యంతరంలో బలహీనత ఏమీ లేదా?

ఉంది. రోజుకు ఒకటే మారుతుంది, అది కూడా అదే లెవెల్‌ది. విజార్డ్ ఒకే ఉదయం తొమ్మిదీ మార్చగలడు. రిచువల్స్ విజార్డ్‌కు ఉన్నాయి, సార్సరర్‌కు లేవు. సార్సరర్ ఒకటి తెచ్చుకోవాలంటే ఇంకొకటి వదలాలి, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఇంకో రాత్రి పడుతుంది.

అయినా నాకు ఎక్కువ బలంగా తోచే సంగతి వేరే ఉంది. విజార్డ్ అసంతృప్తికి చాలా టేబుళ్లలో అసలు కారణం సార్సరర్ కాదు. డీఎం (ఆట నడిపించే డంజియన్ మాస్టర్) ఎప్పుడూ స్క్రోల్స్, శత్రువుల స్పెల్ పుస్తకాలు ఇవ్వకపోవడం. పుస్తకంలోకి బయటి నుంచి ఒక్క స్పెల్ కూడా రాకపోతే విజార్డ్ క్లాస్‌లో సగం కోసేసినట్టే. ఓడిన ప్రతి శత్రు విజార్డ్ దగ్గర ఒక పుస్తకం ఉండాలి, అందులో పార్టీ (ఆటగాళ్ల పాత్రల గుంపు) విజార్డ్‌కు లేనివి రెండు మూడు ఉండాలి. ఈ ఒక్క అలవాటు చేసుకున్న డీఎం దగ్గర సార్సరర్‌కు మార్పిడి ఇస్తానంటే విజార్డ్ పెద్దగా అడ్డుచెప్పడు. ముందు అతని వాటా అతనికి అందాలి.

రోజూ మార్చుకోనిస్తే డీఎం పెట్టిన చిక్కుముళ్లు తేలిపోవా?

నీట మునిగిన గుడి ఉంది. పార్టీలో ఎవరికీ వాటర్ బ్రీతింగ్ లేదు. "డీఎం అన్నా, ఈ రాత్రికి ఇక్కడే గుడారం వేస్తాం" అంటాడు సార్సరర్. పొద్దున్నే పదిమంది దాకా 24 గంటలు నీళ్లలో ఊపిరి పీల్చగలుగుతారు. దారి వెతకడం, జాలరుల ఊళ్లో అడగడం, జలకన్యలతో బేరం, అన్నీ ఒక్క నిద్రతో ఎగిరిపోతాయి.

నిజమే, కానీ పార్టీలో డ్రూయిడ్ ఉంటే ఇదే పని 2014 మూల నియమాల ప్రకారమే చేస్తాడు. కాబట్టి రాత్రి గడవడాన్ని ఉచితం చేసిన డీఎంకు ఏ నియమం పెట్టినా ఈ చిక్కు తప్పదు. పౌర్ణమిలోగా గుడిలోకి చేరాలి, లేకపోతే బందీలు చనిపోతారు అంటే ఒక రాత్రికి విలువ వస్తుంది. నా అభిప్రాయంలో చిక్కుముడి పాడవడం కన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. రోజూ మార్చుకునే వీలుంటే ఆటగాళ్లు చేతిలో ఉన్న స్పెల్‌తో వింత ఉపాయాలు ఆలోచించడం మానేస్తారు. ఆరే స్పెల్స్ ఉన్న సార్సరర్ ఒక సజెషన్‌తో, ఒక ఇన్విజిబిలిటీతో చేసే పనులు చూడముచ్చటగా ఉంటాయి. కొరతలోంచి పుట్టే ఆ చమత్కారం పోకూడదని నాకు గట్టి పట్టుదల.

టాషాస్ పుస్తకం చివరికి ఏమిచ్చింది?

ఎక్కువగా క్యాంట్రిప్‌ల మార్పిడి. ఎబిలిటీ స్కోర్ పెరిగే లెవెల్స్‌లో, అంటే మామూలుగా 4, 8, 12, 16, 19లలో, క్లెరిక్, డ్రూయిడ్, బార్డ్, సార్సరర్, వార్లాక్ ఒక క్యాంట్రిప్ మార్చుకోవచ్చు. సార్సరర్ కావాలంటే దాని బదులు ఒక మెటామ్యాజిక్ మార్చుకోవచ్చు, బార్డ్ ఒక ఎక్స్‌పర్టీస్ (ప్రత్యేక ప్రావీణ్యం ఉన్న స్కిల్) మార్చుకోవచ్చు. వార్లాక్‌కు ప్యాక్ట్ బూన్ (తన ఒప్పందంతో వచ్చిన వరం) మార్చుకునే వీలుంది, 12వ లెవెల్ నుంచి ఒక మిస్టిక్ ఆర్కానమ్ (పెద్ద లెవెల్స్‌లో వచ్చే ప్రత్యేక స్పెల్) కూడా. విజార్డ్‌కు మూడో లెవెల్ నుంచి ప్రతి లాంగ్ రెస్ట్‌కు ఒక క్యాంట్రిప్.

ఇంకో దారిలో వచ్చిన సాయం మాత్రం పెద్దది. అబెరెంట్ మైండ్, క్లాక్‌వర్క్ సోల్ అనే రెండు సార్సరర్ సబ్‌క్లాసులు (క్లాస్ లోపలి శాఖలు) పది అదనపు స్పెల్స్ ఇచ్చాయి, లెవెల్ పెరిగినప్పుడు వాటిలో ఒకదాన్ని నిర్ణీత స్కూల్స్‌లోంచి (స్పెల్స్ వర్గాల్లోంచి) మార్చుకునే హక్కుతో సహా. అప్పటికే ఉన్న డ్రాకోనిక్, వైల్డ్ మ్యాజిక్ సార్సరర్లకు అవేవీ రాలేదు. ఒకే క్లాస్‌లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య అంత తేడా నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మీ టేబుల్ దగ్గర పాత సబ్‌క్లాస్ ఆడేవాళ్లు ఉంటే, వాళ్లకూ ఒక పది స్పెల్స్ జాబితా కూర్చి ఇవ్వండి. చాలాసార్లు మార్పిడి నియమం అక్కర్లేకుండానే సమస్య అక్కడితో తీరిపోతుంది.

2024 పుస్తకంతో ఆడుతున్నాం. మాకు ఇదంతా అవసరమా?

తక్కువ అవసరం. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అందరి స్పెల్స్‌నీ సిద్ధం చేసుకున్నవే అంటుంది, ఎప్పుడు మార్చవచ్చన్నదే తేడా. క్లెరిక్, డ్రూయిడ్, విజార్డ్ లాంగ్ రెస్ట్‌కు ఎన్నైనా మార్చుకుంటారు. పాలడిన్, రేంజర్ లాంగ్ రెస్ట్‌కు ఒకటి. బార్డ్, సార్సరర్, వార్లాక్ మాత్రం లెవెల్‌కు ఒకటే. అంటే 2019లో నాలుగు క్లాసులకు ప్రతిపాదించినది చివరికి రేంజర్‌కు దక్కింది. రేంజర్ ఎంతో కాలంగా వెనకబడి ఉన్న క్లాస్ కాబట్టి నాకు సంతోషమే.

సార్సరర్ లెక్క కూడా మెరుగుపడింది. ఐదో లెవెల్‌లో 6 బదులు 9, ఇరవయ్యో లెవెల్‌లో 15 బదులు 22. వైల్డ్ మ్యాజిక్ తప్ప ఆ పుస్తకంలోని మిగతా మూడు సబ్‌క్లాసులకు అదనపు స్పెల్స్ ఉన్నాయి. లెవెల్ పెరిగినప్పుడు ఒక క్యాంట్రిప్ కూడా మార్చుకోవచ్చు. విజార్డ్‌కు ఐదో లెవెల్‌లో షార్ట్ రెస్ట్‌లోనే (గంట విశ్రాంతిలోనే) ఒక స్పెల్ మార్చుకునే మెమరైజ్ స్పెల్ వచ్చింది, దానితో అతని వెడల్పు ఇంకా పెరిగింది. వార్లాక్ మాత్రం ఐదో లెవెల్‌లో 6 దగ్గరే, ఇరవైలో 15 దగ్గరే ఉన్నాడు. 2024తో ఆడుతూ ఒక్క క్లాస్‌కే మార్పిడి ఇవ్వాలంటే నేను వార్లాక్‌కే ఇస్తాను.

సరే, ఏ నియమం పెట్టుకోమంటారు?

రెండు భాగాలు. మొదటిది స్థిమితం. పార్టీ ప్రమాదం లేని చోట, ఊళ్లోనో కోటలోనో, వరుసగా ఏడు రోజులు ఉంటే, బార్డ్, సార్సరర్, వార్లాక్, రేంజర్ ఒక స్పెల్‌ని అదే లెవెల్‌లోని తమ జాబితా స్పెల్‌తో మార్చుకోవచ్చు. బంగారం ఖర్చు లేదు. ఆ వారంలో వేరే పెద్ద పని పెట్టుకోకూడదు. గుహ మధ్యలో గుడారం వేసి మార్చడం కుదరదు, కాబట్టి నీట మునిగిన గుడి సమస్య రాదు. విజార్డ్ అదే వారంలో తనకు దొరికిన పుస్తకాల్లోంచి రాసుకుంటూ ఉంటాడు, ఎవరి పని వాళ్లకు ఉంటుంది. డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో లాంగ్ రెస్ట్‌కు ఏడు రోజులు పట్టే గ్రిటీ రియలిజం ఐచ్ఛిక నియమం వాడే టేబుల్ అయితే, ఆ లాంగ్ రెస్ట్‌కే దీన్ని ముడిపెట్టేయండి.

రెండోది, నాకు మరీ ముఖ్యమైనది, పరిచయపు గడువు. లెవెల్ పెరిగినప్పుడు కొత్తగా తీసుకున్న స్పెల్‌ని తర్వాతి రెండు సెషన్లలోపు, ఏ షరతూ లేకుండా వెనక్కి ఇచ్చి ఇంకొకటి తీసుకోవచ్చు. ఒక స్పెల్‌కు ఒక్కసారే. చదివినప్పుడు బాగుందనిపించిన స్పెల్ బల్ల మీద ఎలా ఆడుతుందో ఎవరూ ముందే ఊహించలేరు. కాన్సన్‌ట్రేషన్ (అలాంటి స్పెల్ ఒకేసారి ఒక్కటే నిలుస్తుంది) కావాలని గమనించకపోవచ్చు, బోనస్ యాక్షన్ (వంతుకు ఒక్కటే దొరికే చిన్న చర్య) ఇంకోదానితో తగువు పడవచ్చు, లేదా ఈ కథలో ఎదురయ్యేవన్నీ చార్మ్ కాని, అంటే మంత్రానికి వశం కాని జీవులే కావచ్చు. వీటికి మూడు నెలల శిక్ష ఎందుకు? ఈ గడువు వల్ల బలం పెరగదు, ఏ స్పెల్ ఎక్కువగా రాదు. దీనిమీద ఏ విజార్డూ అభ్యంతరం చెప్పడం నేను వినలేదు.

అదే లెవెల్ అన్న షరతు తీసేస్తే ఏమవుతుంది?

తీయకండి. షరతు లేకపోతే అందరూ మొదటి లెవెల్ స్పెల్స్ అన్నిటినీ వారం వారం మూడో లెవెల్‌వి చేసుకుంటారు. ఆ ఎదుగుదల లెవెల్ పెరిగినప్పుడే రావాలి.

సార్సరర్‌కు మంత్రం రక్తంలో ఉంటుంది కదా, ఎలా మరచిపోతాడు?

మరచిపోయాడు అనుకోనక్కర్లేదు. కచేరీ చేసే విద్వాంసుడికి వందల కీర్తనలు వచ్చినా, ఈ నెల సాధనలో ఉండి వెంటనే వేదిక మీద పాడగలిగేవి కొన్నే. సార్సరర్ కూడా అంతే. అతనికి ఫైర్‌బాల్ తెలుసు, ప్రస్తుతం చేయి తిరిగింది కౌంటర్‌స్పెల్ మీద. ఒక వారం కూర్చుని చేయి అటు తిప్పుకుంటాడు. నా నియమంలో రాత్రి బదులు వారం పెట్టడానికి ఇదో కారణం. వారం అంటే కథలో చోటు దొరుకుతుంది. డ్రాకోనిక్ సార్సరర్ ఊరి బయట బండల మధ్య చేతులు కాల్చుకుంటూ సాధన చేయడాన్ని ఒక చిన్న దృశ్యంగా ఆడుకోవచ్చు.

వార్లాక్‌కు ఇది ఇంకా బాగా అతుకుతుంది. స్పెల్ ఇచ్చేది పేట్రన్, అంటే వార్లాక్ ఒప్పందం చేసుకున్న శక్తి. కొత్తది కావాలంటే అడగాలి, అడిగితే ఆ పేట్రన్ ఏదో ఒకటి తిరిగి అడుగుతాడు. డీఎంకు ఇంతకన్నా మంచి కథా ద్వారం ఏముంటుంది! రేంజర్‌కు అడవి మారడం, బార్డ్‌కు కొత్త ఊళ్లో కొత్త పాట నేర్చుకోవడం సరిపోతాయి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. కొందరు ఆటగాళ్లకు ఆ కొద్ది స్పెల్సే పాత్ర వ్యక్తిత్వం. నిప్పు తప్ప ఇంకేమీ రాని సార్సరర్‌ని కావాలనే ఆడుతున్నవాళ్లను, నియమం ఉంది కాబట్టి మార్చుకోమని పార్టీ ఒత్తిడి చేయకూడదు. "రేపటికి నాక్ (తాళాలు తీసే స్పెల్) తెచ్చుకోవే" అని పక్కవాళ్లు అడగడం మొదలైతే ఆ స్పెల్స్ తన చేతిలోంచి పార్టీ చేతిలోకి పోయినట్టే. ఏది మార్చాలో, అసలు మార్చాలో లేదో ఆ ఆటగాడి ఇష్టం, దానిమీద ఓటింగు లేదు.

దీన్ని వాడుకుని మోసపు ఎత్తులు వేసే వీలుందా?

ఒక రకం ఉంది. ఒకసారి వేస్తే ఎప్పటికీ నిలిచిపోయే స్పెల్స్. రోజూ మార్చుకునే వీలున్న బార్డ్ ఖాళీ నెలలో గ్లిఫ్ ఆఫ్ వార్డింగ్ (ఎవరైనా దగ్గరికొస్తే పనిచేసే మంత్రపు గుర్తు) తెచ్చుకుని, ఒక్కొక్కటికి 200 నాణేల వజ్రధూళి, ధూపం పెట్టి కోటంతా గ్లిఫ్‌లు వేసి, తర్వాత దాన్ని వదిలేసి యుద్ధానికి పనికొచ్చేది తెచ్చుకుంటాడు. అవేకెన్‌తోనూ అంతే, 1000 నాణేల రాయి ఖర్చు తప్ప చెట్టుకు మాట వస్తే అది శాశ్వతం. వారానికొకటి అన్నప్పుడు ఈ ఎత్తు నెమ్మదిస్తుంది, బంగారం ఖర్చు మిగతాది అదుపు చేస్తుంది. అయినా ఎవరైనా పట్టుబడితే, ఒకసారి వదిలిన స్పెల్‌ని మళ్లీ లెవెల్ పెరిగేదాకా తెచ్చుకోకూడదు అని ఒక్క వాక్యం కలపండి.

బార్డ్ మ్యాజికల్ సీక్రెట్స్‌ని మార్చనివ్వాలా?

2014లో బార్డ్ 10, 14, 18 లెవెల్స్‌లో ఏ క్లాస్ నుంచైనా రెండేసి స్పెల్స్ తీసుకుంటాడు. వాటిని మార్పిడిలోకి తేకండి. తెస్తే మొత్తం ఆటలోని స్పెల్స్ అన్నీ బార్డ్ జాబితా అవుతాయి. బార్డ్ తన సీక్రెట్ స్పెల్‌ని వదులుకోవాలనుకుంటే బార్డ్ జాబితాలోని స్పెల్‌తో వదులుకోవచ్చు. 2024లో సంగతి వేరు. పదో లెవెల్ నుంచి బార్డ్, క్లెరిక్, డ్రూయిడ్, విజార్డ్ జాబితాలు అతనికి తెరుచుకుంటాయి, మార్చుకునేటప్పుడు కూడా వాటిలోంచే తీసుకోవచ్చు. అందువల్ల 2024 బార్డ్‌కు వారపు మార్పిడి అదనంగా ఇవ్వను. పరిచయపు గడువు చాలు.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో ఎలా చేశారు?

పాత్‌ఫైండర్ ఇలాంటిదే ఇంకో ఆట. వాళ్లది నాకు నచ్చిన పద్ధతి. లెవెల్ పెరిగి కొత్త స్పెల్స్ నేర్చుకున్నప్పుడు ఒక పాతదాన్ని మార్చుకోవచ్చు, దానికి తోడు ఖాళీ రోజుల్లో రీట్రెయినింగ్ చేసి కూడా మార్చుకోవచ్చు. ఆ నియమం 2019లో మూల పుస్తకంలోనే ఉంది, ఐచ్ఛికమని పక్కన పెట్టలేదు. రోజువారీ వెసులుబాటు కావాలనుకున్న ఆర్కేన్ సార్సరర్ ఆర్కేన్ ఎవల్యూషన్ అనే ఫీట్ కొనుక్కుంటే, తను పుస్తకంలో రాసుకున్నవాటిలోంచి రోజుకు ఒకటి అదనంగా తెచ్చుకుంటాడు. అంటే రోజువారీ మార్పిడికి ఒక ధర పెట్టారు, దాన్ని ఆ పాత్రే చెల్లిస్తుంది. ఐదో ఎడిషన్‌లో రోజువారీ మార్పిడే కావాలని పట్టుబట్టే ఆటగాడికి దీన్నే అనుకరించి ఒక ఫీట్ రాసివ్వవచ్చు.

మొదటిసారి ఆడుతున్నవాళ్లకు?

మూడో లెవెల్ దాకా ఏ సెషన్ మొదట్లోనైనా ఏ స్పెల్ అయినా, ఏ క్యాంట్రిప్ అయినా మార్చుకోనివ్వండి. వాళ్లు ఇంకా ఆట నేర్చుకుంటున్నారు.

టేబుల్ దగ్గర ఈ చర్చ ఎలా మొదలుపెట్టాలి?

అందరి ముందూ పెట్టేముందు విజార్డ్ ఆడే మనిషితో విడిగా మాట్లాడండి. "నీ ఆటలో ఏం తక్కువైంది" అని అడగండి, సార్సరర్ సంగతి తర్వాత. చాలాసార్లు స్క్రోల్స్ రావడం లేదనో, పుస్తకంలోకి ఎక్కించడానికి సమయం దొరకడం లేదనో చెబుతారు. ఆ రెండూ మీ చేతిలో పనులే. అవి సరిచేశాక మార్పిడి నియమం చెప్పండి. తర్వాత అందరితో కలిసి నియమాన్ని రెండు మూడు వాక్యాల్లో రాసి, గుంపు వాట్సాప్‌లో పిన్ చేయండి. నోటిమాటగా ఉన్న హౌస్ రూల్ మూడో నెలకు ఎవరికి గుర్తున్నట్టు వాళ్లకు ఉంటుంది.

పెట్టాక నచ్చకపోతే తీసేయొచ్చా?

తీసేయొచ్చు, కానీ ఒక సాహసం మధ్యలో కాదు. కథలో ఒక మజిలీ అయ్యాక తీసేయండి, తీసేముందు ప్రతి ఒక్కరికీ చివరి మార్పిడి ఒకటి ఇవ్వండి. వారపు మార్పిడి ఉందన్న ధైర్యంతో ఏదో ఒక సందర్భానికే పనికొచ్చే స్పెల్ తెచ్చుకున్న ఆటగాడు దానితోనే ఇరుక్కుపోకూడదు. పరిచయపు గడువును మాత్రం ఉంచేయండి.